గైడ్ చూపించిన నేల

ఎడారి యాత్రల ప్రకటనలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఎర్రటి పొద్దు, దాని ముందు నల్లటి ఒంటెల వరుస, కింద ధర, ఆ కింద భోజనం, టెంటు, జానపద నృత్యం అన్నీ కలిపి అని ఒక ముక్క. ఒంటె ముక్కుతాడు పట్టుకుని నడిచే మనిషి ఆ నలుపులో కలిసిపోయి ఉంటాడు. ఏమీ లేని చోటికి రమ్మని, ఆ ఏమీ లేకపోవడానికే డబ్బు కట్టమని అడిగే వ్యాపారం ఇది. కట్టేవాళ్లకు కావలసిందీ అదే. పాశమైలారం లాంటి పారిశ్రామిక వాడలో బతికేవాళ్లకు మరీనూ. ఇక్కడ రాత్రీ పగలూ షిఫ్టులు నడుస్తూనే ఉంటాయి. ఏ జాముకు చూసినా ఇస్నాపూర్ చౌరస్తాలో లారీలు వరుస కట్టి ఉంటాయి. గాలి ఎటు నుంచి వీస్తోందో వాసనను బట్టి చెప్పేయొచ్చు. చప్పుడు లేని చోట ఓ రాత్రి పడుకుని రావాలని నాకు అనిపించిందంటే అందులో కవిత్వమేమీ లేదు.

మా వైపు ఎడారి చూసొచ్చినవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. కాకపోతే వాళ్లు ప్యాకేజీలో వెళ్లలేదు, అప్పు చేసి వీసా కొనుక్కుని వెళ్లారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతుక్కోవాలి. మెదక్ పల్లెల నుంచి పోయినవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లలో కొందరికి సౌదీలోనో కువైట్‌లోనో ఊరికి దూరంగా గొర్రెలూ ఒంటెలూ కాసే పని. మా పెద్దనాయన కొడుకు అట్లా కొన్నేళ్లు కాసి వచ్చాడు. అలాంటి బతుకు మీదే బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవల ‘ఆడుజీవితం’ 2024లో సినిమాగా వచ్చినప్పుడు ఇంట్లో అందరం కూర్చుని చూస్తుంటే, సగంలో లేచి వాకిట్లోకి పోయి బీడీ ముట్టించుకున్నాడు. మళ్లీ లోపలికి రాలేదు.

జైసల్మేర్ వెళ్తున్నాననీ, ఇసుకలో ఒక రాత్రి పడుకోవడానికి ఇంత కడుతున్నాననీ చెబితే చాలాసేపు నవ్వాడు. “పైసలు నువ్వే ఇచ్చి పోతున్నవా తమ్మీ? నాకు పైసలిచ్చి పొమ్మన్నా పోను.” తర్వాత నవ్వు ఆపి ఒక సంగతి అడిగాడు. “ఆడ నీకు తొవ్వ చూపెట్టెటోడు ఆ ఊరోడేనా?” అవునన్నాను. “అయితే పో. మా దగ్గర ఆ ఊరోడు ఒక్కడు లేకుండె. అందరం బయటోళ్లమే. ఏం చూసినా ఏందో సమజ్ గాకపోతుండె.”

ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. అన్న అట్లాంటివి చాలా అంటాడు.

ఎక్కడికి పోవాలో చెప్పింది ఇస్నాపూర్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే సేఠ్. వాళ్లది బాడ్‌మేర్ వైపు పల్లె. తెలుగులో బేరమాడతాడు, తెలుగులోనే తిడతాడు, లెక్క మాత్రం మార్వాడీలో రాసుకుంటాడు. “సమ్‌కు పోకండి సార్. అది మన గచ్చిబౌలి అయిపోయింది. ఖురీకి పోండి” అన్నాడు. సమ్ అంటే జైసల్మేర్‌కు పడమర నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇసుక తిన్నెలు. అక్కడ టెంట్లు కాలనీల్లాగా లేచాయి. రాత్రి డీజేలు, జీపుల పరుగులు. ఖురీ నైరుతి దిక్కున ఉన్న పల్లె. తిన్నెలు అక్కడా పెద్దవేం కావు, కానీ ఊరు ఇంకా ఊరుగానే ఉంది.

జైసల్మేర్ కోట గురించి ఎక్కువ చెప్పను. 1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ కోటలో ఇప్పటికీ కాపురాలున్నాయి, అదొక్కటే నాకు నచ్చింది. పసుపురాతి గోడల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి.

మా గైడ్‌ది ఖురీ పక్క పల్లె. నడివయసు మనిషి, సొంతంగా ఒంటెలున్నాయి. మా గుంపులో పుణె నుంచి వచ్చిన దంపతులు, కాలేజీ కుర్రాళ్లు కొందరు, నేను. ఒంటెల మీద సామాను వేసి మమ్మల్ని నడిపించాడు. ఎక్కాలనుకున్నవాళ్లు ఎక్కొచ్చు, కానీ ఎక్కితే కింద ఏముందో కనబడదు అన్నాడు. ఒంటెలు తగ్గిపోతున్నాయని కూడా అన్నాడు. ఆ సంగతి లెక్కల్లోనూ ఉంది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 4 లక్షలున్న ఒంటెలు 2019కి రెండున్నర లక్షలయ్యాయి. 2014లో రాజస్థాన్ ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది, మరుసటి ఏడు దాన్ని కోయకుండా, అనుమతి లేకుండా రాష్ట్రం దాటించకుండా చట్టం చేసింది. అమ్ముకోలేని జంతువును ఎవరు పెంచుతారని పెంచేవాళ్ల గొణుగుడు. నాకు వాళ్ల మాటే సబబనిపించింది.

ఇసుకలో నడక గురించి గైడ్ మొదట చెప్పింది కాళ్ల సంగతి. తిన్నెకు గాలి కొట్టే పక్క ఇసుక గట్టిగా, ఏటవాలు తక్కువగా ఉంటుంది. గాలి చాటు పక్క ఇసుక జారిపడి నిలిచినంత నిటారుగా, సుమారు 34 డిగ్రీల వాలులో ఉంటుంది, కాలు పెడితే మోకాలిదాకా దిగుతుంది. కుర్రాళ్లు నిటారు పక్కనుంచి పరుగున ఎక్కబోయి సగంలో కూలబడ్డారు. గైడ్ శిఖరం వెంబడి తాపీగా నడిచి వాళ్లకంటే ముందు పైన కూర్చున్నాడు. ఏమీ అనలేదు.

అక్కడి నుంచి దిగి అవతలి మైదానంలోకి వచ్చాక అసలు పాఠం మొదలైంది. నా కంటికి అది బీడు. ఇసుక, అక్కడక్కడ ముళ్ల డొంకలు, జిల్లేడు. జిల్లేడు మన దగ్గరిదే. ఒక చెట్టు దగ్గర ఆగాడు. కొమ్మలన్నీ నరికి మోడు చేసి ఉంది. పాపం, కట్టెలకు కొట్టేశారని పుణె ఆవిడ అంది. కాదన్నాడు. అది ఖేజ్‌డీ. ఏటా చలికాలం కొమ్మలు నరికి ఆకు ఎండబెడతారు, మేకలకూ ఒంటెలకూ ఎండాకాలం మేత అదే. నరికిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కాయలను ఎండబెట్టి సాంగ్రీ అని కూర వండుకుంటారు. దాని నీడలో సజ్జ చేను బయటి చేను కంటే బాగా పండుతుంది. ఏ చెట్టు ఎవరిదో, ఏ ఏడు ఎవరు నరకాలో ఊళ్లో అందరికీ తెలుసు.

అది మన జమ్మిచెట్టే. దసరా నాడు ఆకు తెంపి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతామే, అదే. రాజస్థాన్‌కు 1983 నుంచి అది రాష్ట్ర వృక్షం, తెలంగాణ ఏర్పడ్డాక మనకూ అదే రాష్ట్ర వృక్షం. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని మాకు చిన్నప్పుడే చెప్పారు. దాని కాయ కూరకు పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవి అనే బిష్ణోయ్ స్త్రీ చెట్టును కావలించుకుని ప్రాణం విడిచింది. ఆమె వెనక మొత్తం 363 మంది పోయారని వాళ్లు చెప్పుకుంటారు. ఆ కథ పాఠంలో చదివినప్పుడు అదొక భక్తి కథగానే తోచింది. నరికిన కొమ్మల ముందు నిలబడి విన్నాక తోచింది వేరు. అది వాళ్ల పశువుల మేత, వాళ్ల కూర, వాళ్ల చేనుకు నీడ.

కొంచెం దూరంలో నేల మీద చెక్కమూత. చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. మూత తీస్తే ఒక మనిషి కష్టం మీద దిగగలిగేంత సన్నటి బావి. దాన్ని బేరీ అన్నాడు. ఇది మామూలు బావి కాదు. అక్కడ లోతుకు పోతే ఉప్పునీళ్లు పడతాయి. అయితే కొన్నిచోట్ల ఇసుకకు అడుగున జిప్సం పొర ఒకటి ఉంటుంది. కురిసిన కాస్త వానా ఇసుకలో ఇంకి, ఆ పొర దాటి కిందికి పోలేక, ఇసుక రేణువులను పట్టుకుని తడిగా ఆగిపోతుంది. బావి తవ్వితే ఆ తడి చుట్టూ నుంచి చుక్కచుక్కగా ఊరి అడుగున చేరుతుంది. రోజుకు కొద్ది బిందెలే. ఎండకు ఆవిరి కాకుండా మూతి ఇరుకు. పక్కన ఇంకొకటి తవ్వితే అదే తడిని ఇద్దరూ పంచుకోవాలి కనుక కొత్త బేరీ తవ్వాలంటే ఊరంతా ఒప్పుకోవాలి. హిందీ రచయిత అనుపమ్ మిశ్ర తన ‘రాజస్థాన్ కీ రజత్ బూందే’ పుస్తకంలో ఈ బావుల గురించి వివరంగా రాశారు. తిరిగొచ్చాక సంపాదించి చదివాను. గైడ్ చెప్పిందానికి తేడా లేదు.

జైసల్మేర్‌లో ఏడాది మొత్తం వాన సగటున 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంత తక్కువ వానతో అక్కడ గోధుమ, శనగ కూడా పండించారు. పల్లపు నేలకు దిగువన పొడుగాటి కట్ట వేసి చుట్టుపక్కల రాతినేల మీద పడ్డ వాననంతా అక్కడ నిలబెడతారు. నీళ్లు ఇంకిపోయాక ఆ చెమ్మ మీద రబీ విత్తుతారు. దీన్ని ఖడీన్ అంటారు. పాలీవాల్ బ్రాహ్మణులు పదిహేనో శతాబ్దంలో మొదలుపెట్టిన పద్ధతి. పంతొమ్మిదో శతాబ్దంలో వాళ్లు ఊళ్లు విడిచి వెళ్లిపోయారు. వాళ్లు వదిలిన కుల్‌ధరాను దయ్యాల ఊరని చూపించి టికెట్టు అమ్ముతున్నారు గానీ, వాళ్లు కట్టిన ఖడీన్లను ఏ ప్యాకేజీలోనూ చూపించరు.

చీకటి పడ్డాక టెంట్లు లేవు. నులకమంచాలు, మందపాటి రజాయిలు. సజ్జరొట్టెలు, కేర్-సాంగ్రీ కూర, మజ్జిగ. తిన్నాక గిన్నెలను ఇసుకతో తోమి గుడ్డతో తుడిచాడు. చుక్క నీరు వాడలేదు, జిడ్డు మిగల్లేదు. సజ్జల ప్రస్తావన వచ్చినప్పుడు, సజ్జల మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ మా ఊరి పక్కనే ఉందని గొప్పగా చెప్పాను. ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉంది. బూజు తెగులును తట్టుకునేలా హెచ్‌హెచ్‌బీ 67 అనే సజ్జ హైబ్రిడ్‌ను హిస్సార్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి మెరుగుపరిస్తే 2005లో విడుదలైంది. త్వరగా కోతకొచ్చే రకం, రాజస్థాన్, హర్యానాల మెట్టచేలకు అవసరమైనది. ఆయన శ్రద్ధగా విని, “అయితే మీరు రోజూ సజ్జే తింటారన్నమాట” అన్నాడు.

మేం తినం. జహీరాబాద్ వైపు పల్లెల్లో ఆడవాళ్లు సంఘాలు పెట్టుకుని సజ్జ, కొర్ర, జొన్న విత్తనాలు కాపాడుకుంటున్నారు, వాళ్లు తింటారు. పాశమైలారంలో బియ్యం, క్యాంటీన్ భోజనం. ఇదంతా హిందీలో చెప్పడం చేతగాక కొంచెం కొంచెం తింటామన్నాను.

చుక్కల గురించి అందరూ రాస్తారు, నేను రాయను. ఆకాశం కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది దిగంతం. అటు చివర ఎర్రదీపాల వరుస ఒకటి, అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతున్నాయి. గాలిమరలు. జైసల్మేర్ గాలిమరల క్షేత్రం సామర్థ్యం వెయ్యి మెగావాట్లకు పైనే. రాజస్థాన్‌లోనే ఉన్న భడ్లా సౌర విద్యుత్ పార్కు 2,245 మెగావాట్లది. గైడ్‌కు కరెంటు మీద కోపం లేదు, అతని ఇంట్లోనూ ఫ్యాను తిరుగుతోంది. కోపమల్లా ఇవి వేసిన నేల కాగితాల్లో బంజరని రాసి ఉండటం మీద. ఆ నేలలో కొంత ఓరణ్, అంటే దేవుడి పేరు మీద వదిలిన అడవి. గొడ్డలి పెట్టకూడదు, పశువులు మేయొచ్చు. వాటికి పట్టా ఉండదు. శతాబ్దాలుగా అందరూ వాడుకుంటున్న నేల రికార్డులో ఎవరూ వాడనిదిగా కనబడుతుంది. కంపెనీవాడు వచ్చి అడిగితే అధికారి రికార్డు చూసి ఇచ్చేస్తాడు. దెగ్‌రాయ్ ఓరణ్ కోసం అక్కడివాళ్లు పాదయాత్రలు చేశారు, కోర్టులకెక్కారు.

బట్టమేక పక్షి గొడవా అక్కడిదే. వాళ్లు గోడావణ్ అంటారు. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగా చూడలేదు. కరెంటు తీగలు కనబడి తప్పుకునేలోపే తగిలి చస్తుంది. దేశం మొత్తం మీద నూట యాభైకి మించి లేవు, ఎక్కువ భాగం జైసల్మేర్‌లోనే. తీగలు భూమి లోపల వేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేసింది. ఈ పిట్ట కోసమే అప్పటి కర్నూలు జిల్లాలో 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. అక్కడ ఇప్పుడు బట్టమేక కనబడటమే గగనం. గడ్డిమైదానం అంటే పనికిరాని నేల అనుకోవడం రాజస్థాన్‌కే పరిమితమైన జబ్బు కాదు.

పొద్దున చలికి మెలకువ వచ్చేసరికి గైడ్ మా మంచాల చుట్టూ వంగి తిరుగుతున్నాడు. ఎవరూ తొందరపడి నడవకండి, చూసి నడవండి అన్నాడు. ఇసుక మీద రాత్రి జరిగిందంతా ఉంది. పేడపురుగు గీసిన సన్నటి కుట్టు. ఎడారి ఎలుక గంతులు, మధ్యలో దాని తోక గీత. నక్క ఒకటి మా చెప్పుల దాకా వచ్చి వాసన చూసి తిరిగిపోయింది. ఒకచోట ఎలుక గంతులు నక్క అడుగుల్లో కలిసి, ఆ తర్వాత నక్క అడుగులు మాత్రమే ఉన్నాయి. కుర్రాళ్లు ఫోన్లు తీశారు, వాలు వెలుతురులో ఫొటోలు బాగానే వచ్చాయి. సూర్యుడు పైకొచ్చి నీడలు తగ్గేసరికి ఆ రాతలేవీ మా కంటికి కనబడలేదు. గైడ్‌కు మాత్రం కనబడుతూనే ఉన్నాయి.

అతని దగ్గర నేను పట్టుకున్నది ఒక ప్రశ్న. ఏ నేల దగ్గరికి వెళ్లినా అతను ముందు ఇక్కడ ఏముంది అని చూడడు, ఇక్కడికి ఎవరెవరు వస్తారు అని చూస్తాడు. మంచాలు వేసేముందు కూడా ఊరి మేకల దారి ఎటో చూసి, దానికి అడ్డం లేకుండా వేశాడు. మా అన్నకు అరబ్బు ఇసుకలో దొరకనిది ఈ మనిషేనని అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. పాశమైలారం పారిశ్రామిక వాడలో నేను ఏళ్లుగా బైక్ మీదే తిరిగాను. సెలవు పూట నడవడం మొదలుపెట్టాను. ప్రహరీకీ ప్రహరీకీ మధ్య జమ్మిచెట్లున్నాయి, ఎవరూ నరకరు, ఎవరూ కాయలు కోయరు. దసరాకు మాత్రం జనం వచ్చి ఆకు దూసుకుపోతారు. తుమ్మల మధ్య పూడిన మోటబావి ఒకటుంది, దాని గట్టు రాయి మీద తాడు ఒరిపిడికి పడ్డ గాడి ఇంకా ఉంది. పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు వచ్చింది 1970ల నుంచి. మెట్ట నేల, రాళ్ల నేల, రోడ్డు పక్క నేల అన్నది అప్పటి లెక్క. జొన్న పండిన రాళ్ల నేల ఇది.

వాన మాకు తక్కువ కాదు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల పైమాటే, జైసల్మేర్‌కు నాలుగింతలు. ఇసకవాగు, నక్కవాగు పారి మంజీరలో కలుస్తాయి. ఆ వాగుల్లో పారిశ్రామిక మురుగు కలిసి పంటలూ పశువులూ పోతుంటే కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ డాక్టర్ కిషన్ రావు దశాబ్దాలు ఆ పోరాటం నడిపారు. కాలుష్యం సోకిన పల్లెలకు మంచినీళ్లు బయటి నుంచి తేవాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ అది. ఖురీలో బేరీ మూత తీసి గైడ్ ఇచ్చిన నీళ్లు నేను తాగాను. నక్కవాగులో చెయ్యి కూడా పెట్టను.

జీతం నాకు ఈ కంపెనీల నుంచే వస్తుంది. అవి లేకుంటే బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన ఇన్ని వేల మందికి ఇక్కడ కూడు లేదు. గైడ్ ఇంట్లో ఫ్యానుకు కరెంటు కావాలన్నట్టే ఇదీ. అందుకని పరిశ్రమలు వద్దనే మాట నా నోట రాదు. ఫలానా సర్వే నంబరులో ఖాళీ స్థలం ఉంది, కొత్త షెడ్డు వేద్దాం అని మా కంపెనీ మీటింగులో మాట వచ్చినప్పుడు మాత్రం, అక్కడికి ఎవరెవరు వస్తారో ఎవరైనా చూశారా అని అడిగాను. ఒకాయన దాన్ని వాచ్‌మన్ సంగతనుకుని, రాత్రిపూట ఎవరూ రాకుండా ఫెన్సింగ్ వేయిద్దామన్నాడు.

ఆ సర్వే నంబరు దాకా నేనే నడిచిపోయాను. గొర్రెల మంద ఒకటి రెండు ప్రహరీల మధ్య సందులోంచి వస్తోంది, వెనక ముసలాయన. మాట కలిపాను. ఆ పైన కుంట ఉందట, వానాకాలం నాలుగు నెలలు గొర్రెలకు నీళ్లు అక్కడే. ఇదివరకు బండ్లబాట ఉండేదట, ప్రహరీ కట్టాక ఈ సందు మిగిలింది. ఇది కూడా మూసేస్తే చుట్టు తిరిగి హైవే దాటాలి, లారీల కింద ఇప్పటికే గొర్రెలు పోయాయి. ఆ కుంట చూడాలి, తీసుకుపోతావా తాతా అని అడిగాను.

“నువ్వు కంపెనోనివా, మున్సిపాలిటోనివా?” అన్నాడు.

కంపెనీవాణ్నే, చూద్దామనే అడుగుతున్నానన్నాను.

“చూస్తె ఏమొస్తది?” అని, గొర్రెలను అదిలించి, కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి కేకేశాడు. “అయితారం పొద్దుగాల రా. ఆ బూట్లు ఇడిశిపెట్టి రా, అంతా పల్లేరుకాయలే అంటరు గని, బూట్లకు బురద పడ్తె కుంట కానించి కదల్లేవు.”